పోలక్క దించని మట్టి

ఊఁ కొట్టేవాళ్ళు ముందుకు రాండి. నిద్ర వచ్చేవాళ్ళు గోడ పక్కకి పోండి. నడుమ నడుమ "అవ్వా, ఇది నిజమేనా?" అని అడిగేవాళ్ళు మాత్రం ఇప్పుడే లేచి ఇంటికి పోండి. నిజమో కాదో రేపు పొద్దున మిట్ట ఎక్కి చూసుకోండి. మిట్ట ఆడనే ఉంది, యాడికీ పోలేదు.

ఇది మీ తాత కాలంలో జరిగింది కాదు. మీ తాతకు కథలు చెప్పిన అవ్వ కాలంలో జరిగింది కూడా కాదు. అంతకు ముందట, ఇంకా ముందట, ఇంటి మీద పెంకు వేస్తారనే సంగతే ఎవరికీ తెలీని కాలంలో, రెండు ఊర్లు ఉండేవి. ఒకటి గుండ్లవంక. ఒకటి ఎర్రబాడు. రెండింటి నడుమ బోదమిట్ట. మిట్టకు గుండ్లవంక పక్కన వంక, అంటే వాగు; ఎర్రబాడు పక్కన రాళ్ళ గట్టు. ఊఁ అనరేంది? ఆఁ, అట్ల.

బోద అంటే ఏందో మీకేం తెలుసు, మీరంతా మిద్దెల్లో పుట్టినోళ్ళు. బోద అంటే గడ్డి. మేకలు కొరికే గడ్డి కాదు, మనిషెత్తు లేస్తుంది. పండితే కుంకుడుకాయ రంగుకు వస్తుంది. దాన్ని కోసి, కట్టలు కట్టి, కొట్టాల మీద కప్పుతారు. పండిన బోద కప్పితే పదేండ్లు చుక్క నీళ్ళు లోపలికి రావు. ఆ రెండు ఊర్లలో ప్రతి కొట్టం మీదా మిట్ట బోదే. పాలెగాడి గుర్రాల సాల మీదా మిట్ట బోదే.

ఆ మిట్ట కింద పోలక్క అని ఒక ముసలామె ఉండేది. మొగుడు ఎప్పుడో పోయినాడు. బిడ్డల్లేరు. ఒక కొడవలి, ఒక తట్ట, బరువు కింద నెత్తిన పెట్టుకునే ఒక చుట్టకుదురు, అంతే ఆమె ఇల్లూ వాకిలీ. బోద కోసి, కట్టలు నెత్తిన పెట్టుకొని ఇంటింటికీ మోసేది. డెబ్భై ఏండ్లు వచ్చినా మోస్తానే ఉండేది. అంత బరువు నెత్తిన పెట్టుకొని రెండు చేతులూ ఊపుకుంటా గుండ్రాళ్ళ దారిన నడిచేది, మెడ మాత్రం ఇంత కూడా కదిలేది కాదు.

ఆమె పుట్టింది ఎర్రబాడు. మెట్టింది గుండ్లవంక. ఎర్రబాడు వాళ్ళు "మా ఆడబిడ్డ" అనేవాళ్ళు. గుండ్లవంక వాళ్ళు "మా కోడలు" అనేవాళ్ళు. పని ఉన్నప్పుడు అనేవాళ్ళు లే. పని లేనప్పుడు ఇద్దరికీ ఆమె గుర్తుండేది కాదు.

ఆమెకు తెలిసిన విద్య ఒకటుంది. బోద ఎప్పుడు కోయాలో ఆమెకు తెలుసు. కార్తీకం వచ్చేసరికి రోజూ ఒక వెన్ను తుంచేది. అరచేతిలో పెట్టుకొని నలిపేది. ఉఫ్ అని ఊదేది. గింజ వెన్నుకే పట్టుకొని ఉంటే, "గింజ రాలనీ నాయనా, గింజ రాలనీ" అనేది. గింజ గాలికి ఎగిరిపోయిన రోజు "రాలింది, ఇంక కోసుకోండి" అనేది. ఆమె ఆ మాట అనేదాకా రెండు ఊర్లలో ఎవరూ కొడవలి తీసేవాళ్ళు కాదు. గింజ నేలన పడితేనే గదా మళ్ళీ ఏడు, అంటే పై ఏడాది, మొలక లేచేది. ఆమె ఆ మాట అన్న రోజు రెండు ఊర్లూ కలిసి మిట్ట ఎక్కేవి. కోసుకునేవాళ్ళు, పాడుకునేవాళ్ళు, ఒకరి సద్ది ఒకరు తినేవాళ్ళు. ఎల్ల యాడుందని ఎవరూ అడగలేదు. అడిగే పనే పడలేదు.

మరి ఎట్ల చెడింది? చెప్తా.

ఒక ఏడు వానలు సరిగా పడలేదు. బోద పలచగా లేచింది. "ఎర్రబాడు వాళ్ళు ముందే కోసేస్తారంట" అని గుండ్లవంకలో ఎవడో అన్నాడు. ఎవడన్నాడో ఇప్పటికీ తెలీదు, వాని నోట్లో మన్ను పడ. ఆ మాట విని గుండ్లవంక వాళ్ళు పది దినాలు ముందే కోసుకున్నారు. పోలక్క అడ్డం పడి "గింజ రాలనీ నాయనా" అనింది. ఎవరూ వినలేదు.

రెండో ఏడు ఎర్రబాడు వాళ్ళు కడుపు మండి, నెల ముందే కోసుకున్నారు. పోలక్క అడ్డం పడి "గింజ రాలనీ నాయనా" అనింది. ఎవరూ వినలేదు.

మూడో ఏడు రెండు ఊర్లూ ఒకే పొద్దు మిట్ట ఎక్కి, పూత మీద ఉన్న పచ్చి బోదను గొరిగేసినారు. పోలక్క అడ్డం పడలేదు. గట్టు మీద కూర్చొని ఏడ్చింది.

పచ్చి బోద కప్పితే ఏమవుతుంది? పురుగు పడుతుంది, కుళ్ళుతుంది. మొదటి వానకే పొయ్యిలోకి నీళ్ళు, పసిబిడ్డల మీదకి నీళ్ళు, సంగటి ముద్దలోకి నీళ్ళు. ఇంట్లో కూర్చొని తడిసే బతుకు అయింది. మిట్ట సంగతి చెప్పనే వద్దు. తలలో పేలు కొరికినట్టు యాడ చూసినా బోడి నేల.

పోలక్క ఇంటింటికీ పోయి చెప్పింది. "వేరులో ఉసురు అయిపోవస్తాంది నాయనా. ఈ ఒక్క ఏడు గింజ రాలకుంటే మిట్ట చచ్చిపోతుంది. మీ మనవళ్ళకు కప్పు ఉండదు." అందరూ ఊఁ ఊఁ అన్నారు. "ముందు వాళ్ళను ఆగమను" అన్నారు. ఇక్కడా అదే మాట, అక్కడా అదే మాట.

చివరికి కొడవళ్ళు పట్టుకొని కొట్లాడుకున్నారు. ఒకాయన చెవి తెగింది. తెగిన చెవి గుడ్డలో మూటగట్టుకొని అందరూ పాలెగాడి దగ్గరికి పోయినారు. "మిట్ట మాది" అని వీళ్ళు. "మిట్ట మాది" అని వాళ్ళు.

పాలెగాడు మీసం దువ్వుకున్నాడు. "ఎల్ల తొక్కిద్దాం" అన్నాడు.

ఎల్ల తొక్కడం అంటే ఏందో చెప్పాల. నేల కోసం తగాదా వస్తే పూర్వం అట్ల చేసేవాళ్ళు. రెండు పక్కల వాళ్ళూ నమ్మే మనిషి ఒకరిని పిలుస్తారు. తలంటు పోసి, వేపాకు దండ వేసి, తట్టలో మూడు దోసిళ్ళ మట్టి పోసి తల మీద పెడతారు. ఈ ఊరిది ఒక దోసిలి, ఆ ఊరిది ఒక దోసిలి, తగాదా నేలది ఒక దోసిలి. ఆ మట్టి నేలతల్లి. ఆ మనిషి యాడ నడిస్తే ఆడ ఎల్ల. యాడ మట్టి దించితే ఆడ తీర్పు. అబద్ధం నడిస్తే మూడు పక్షాలు తిరగకుండా చచ్చిపోతారని నమ్మేవాళ్ళు. బలవంతంగా ఆ మట్టిని దించినవాని వంశం నిలవదని కూడా నమ్మేవాళ్ళు.

"ఎవరు తొక్కుతారు?" అన్నాడు పాలెగాడు.

"మా ఆడబిడ్డ పోలక్క" అన్నారు ఎర్రబాడు వాళ్ళు.

"మా కోడలు పోలక్క" అన్నారు గుండ్లవంక వాళ్ళు.

చూసినారా, పని పడింది గదా, గుర్తొచ్చింది.

పాలెగాడు దండోరా వేయించినాడు. "శ్రావణమాసం మొదటి సోమవారం పోలక్క ఎల్ల తొక్కుతుంది. మట్టి తల మీద ఉన్నంతసేపు బోదమిట్టకు మోసే మనిషి మాటే మాట. ఆ మనిషి ఊఁ అననిదే ఎవరూ కొడవలి పెట్టరాదు, నాగలి పెట్టరాదు, మేకను తోలరాదు. నేనైనా సరే!" ఆ చివరి మాట దండోరాలో లేదు. పాలెగాడే గుర్రం మీద నుంచి గొప్పకి అరిచినాడు. నలభై ఊర్లు విన్నాయి.

ఆ సోమవారం లోపల పోలక్క కొట్టానికి ముగ్గురు వచ్చినారు.

మొదట ఆమె తమ్ముడు నల్లప్ప వచ్చినాడు, ఎర్రబాడు నుంచి. కొత్త కోక తెచ్చినాడు. "అక్కా, నువ్వు పుట్టిన ఊరు. నాయన ఆడనే మన్నైనాడు. వంక దాకా మనదే అని తొక్కు. రేపే కోసుకుంటాం, కొట్టాలు కారతాండాయి." పోలక్క, "చూద్దాం లేరా" అనింది.

రెండోసారి ఆమె మరిది సుంకన్న వచ్చినాడు, గుండ్లవంక నుంచి. కుండ నిండా జొన్నలు తెచ్చినాడు. "వదినా, అన్న పేరు నిలబెట్టు. గట్టు దాకా మనదే అని తొక్కు. రేపే కోసుకుంటాం, పిల్లోళ్ళు తడిసిపోతాండారు." పోలక్క, "చూద్దాం లే మరిదీ" అనింది.

మూడోసారి పాలెగాడి మనిషి వచ్చినాడు. చేతిలో ఏమీ తేలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నాకు ఎల్ల తెలీదు అను, చాలు. ఎవరిదో తెలీని నేల పాలెగారిది అవుతుంది. ఆయన మిట్ట దున్నించి నువ్వులు చల్లిస్తాడు. నీకు ఒక చెక్క నేల రాసిస్తాడు" అన్నాడు. పోలక్క, "చూద్దాం లే సామీ" అనింది.

ముగ్గురూ పోయినాక పోలక్క తల పట్టుకుంది. నల్లప్ప చెప్పినట్టు నడిస్తే వాళ్ళు రేపే కోస్తారు. సుంకన్న చెప్పినట్టు నడిస్తే వీళ్ళు రేపే కోస్తారు. తెలీదంటే పాలెగాడు దున్నుతాడు. మూడు దారులూ మిట్ట చావుకే. పైగా ఆమెకు నిజంగానే ఎల్ల తెలీదు. ఉంటే గదా తెలిసేది! కలిసి కోసుకున్నోళ్ళకు ఎల్ల యాడుంటుంది? పాపం, ఆమె ఎవరిని అడుగుతుంది? మిట్ట దిక్కు చూసి, "ఏం చేద్దామే?" అని గడ్డిని అడిగింది. అట్ల మాట్లాడేది ఆమె దాంతో.

సోమవారం వచ్చింది. రెండు ఊర్లూ వచ్చినాయి. పాలెగాడు గుర్రం మీద వచ్చినాడు. పోలక్కకు తలంటు పోసినారు. వేపాకు దండ వేసినారు. చుట్టకుదురు పెట్టి, తట్ట పెట్టి, మూడు దోసిళ్ళ మట్టి పోసినారు. ఆమె నడక మొదలుపెట్టింది. వంక దగ్గరికి పోయింది, ఎర్రబాడు వాళ్ళు ఈల వేసినారు. గట్టు దగ్గరికి పోయింది, గుండ్లవంక వాళ్ళు ఈల వేసినారు. ఆమె వంక దగ్గరా ఆగలేదు, గట్టు దగ్గరా ఆగలేదు. మిట్ట నెత్తిన ఒక నల్లబండ ఉంది. ఆ బండ మీదకి ఎక్కి, కాళ్ళు చాపుకొని కూర్చునింది. మట్టి తల మీదనే ఉంది.

"ఏం పోలక్కా, అలిసిపోయినావా?" అన్నాడు పాలెగాడు.

"లేదు దొరా."

"అయితే ఎల్ల యాడ?"

"ఇంకా తొక్కుతాండా గదా."

"కూర్చొని తొక్కుతావా?"

"కాళ్ళు నొచ్చినాయి దొరా. కాసేపు కూర్చుంటే తప్పా? ఎంతసేపట్లో తొక్కాలో దండోరాలో చెప్పలేదు."

జనం గొల్లున నవ్వినారు. పాలెగాడు నవ్వలేదు. "మట్టి ఎప్పుడు దించుతావు?"

"గింజ రాలనీ దొరా, గింజ రాలనీ."

అప్పటికి గాని ఆయనకు ఎక్కలేదు. మట్టి తల మీద ఉన్నంతసేపు ఆమె మాటే మాట. ఆమె ఊఁ అననిదే ఎవరూ కొడవలి పెట్టరాదు, నాగలి పెట్టరాదు, మేకను తోలరాదు. ఆయనైనా సరే. ఆ మాట ఆయన నోటితోనే నలభై ఊర్లకు వినిపించినాడు. ఇప్పుడు కాదంటే నలభై ఊర్లలో ఆయన తీర్చిన ఏ ఎల్లా నిలవదు. పాలెగాడి ముఖం మాడిపోయింది.

కానీ ఆయనేం తక్కువోడా? గుర్రం తిప్పుకుంటా ఒక మాటన్నాడు. "సరే ముసిలీ, కూర్చో. నువ్వు దించినా తీర్పే, అలిసి పడేసినా తీర్పే. ఎల్ల చెప్పకుండా ఆ మట్టి నేల మీద రాలిందా, మిట్ట నాది. మూడు పొద్దులు ఉంటావో లేదో చూస్తా." అని ఇద్దరు కావలిబంట్లను ఆడ నిలబెట్టి పోయినాడు.

ఊరోళ్ళు కూడా తిట్టుకుంటా దిగిపోయినారు. "ముసిల్దానికి మతి పోయింది. మన ఇండ్లు కారతాంటే ఇదేం పోకాలం?" అన్నారు. ఎవరూ ఆమె ముఖం చూడలేదు.

మొదటి దినం ఎండ కాసింది. మట్టి తల మీదనే ఉంది. రెండో దినం వాన కొట్టింది. మట్టి తల మీదనే ఉంది. మూడో దినం ఆకలికి కండ్లు బైర్లు కమ్మినాయి. మట్టి తల మీదనే ఉంది. మీరు అన్నం తినడానికి కూర్చుంటే పది నిమిషాలకు మూడుసార్లు లేస్తారు గదా, మీకు చెప్తే ఏం అర్థమవుతుంది!

మూడో దినం మధ్యాన్నం గట్టు దిక్కు నుంచి నల్లప్ప ఎక్కి వచ్చినాడు, వంక దిక్కు నుంచి సుంకన్న ఎక్కి వచ్చినాడు. ఇద్దరూ ఆమెను తిట్టడానికే వచ్చినారు. ఇద్దరి చేతుల్లోనూ సంగటి మూట ఉంది. మనోళ్ళ తిట్లు అట్లనే ఉంటాయి లే. నల్లప్పను చూసి సుంకన్న, సుంకన్నను చూసి నల్లప్ప, నిలబడిపోయినారు.

"మా అక్కకు నేను పెడతా" అన్నాడు నల్లప్ప.

"మా వదినకు నేను పెడతా" అన్నాడు సుంకన్న.

పోలక్క రెండు చేతులతో తట్ట పట్టుకొని ఉంది. "నాకు ఉండేది ఒకే నోరు. మీకు నాలుగు చేతులున్నాయి. కానియ్యండ్రా, ప్రాణం పోతాంది" అనింది.

వాడు ఒక ముద్ద, వీడు ఒక ముద్ద పెట్టినారు. నడుమ నడుమ ఆమె, "ఈ ఊరుబిండి పచ్చడిలో ఉప్పు ఎక్కువైంది, ఎవరిదిరా?" అనింది. ఇద్దరూ తమది కాదంటే తమది కాదన్నారు. ముగ్గురూ నవ్వినారు. మూడేండ్ల తర్వాత ఆ మిట్ట మీద ఈ ఊరోడూ ఆ ఊరోడూ ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వడం అదే మొదలు.

నల్లప్ప ఇంటికి పోయి పెండ్లాంతో చెప్పినాడు. సుంకన్న ఇంటికి పోయి పెండ్లాంతో చెప్పినాడు. ఆడోళ్ళకు చెప్తే ఆగుతుందా? మరుసటి దినం రెండు ఊర్ల నుంచి ఆడోళ్ళు ఎక్కినారు. ఒకామె గంజి తెచ్చింది, ఒకామె ఆమదం తెచ్చి కాళ్ళకు రాసింది, ఒకామె తట్ట తాను పట్టుకొని ఆమెను చేతులు చాపుకోమనింది. తట్ట పట్టుకోవచ్చు, తల మీద నుంచి తీయరాదు, అంతే. కూర్చొనే కునుకు తీసేది. కునుకు తీసేటప్పుడు ఇద్దరు ఆడోళ్ళు, ఈ ఊరామె ఒకరు, ఆ ఊరామె ఒకరు, చెరో పక్క తట్ట పట్టుకునేవాళ్ళు. ఊరికే పట్టుకొని ఉంటారా? మాట్లాడుకున్నారు. మాట్లాడుకుంటే తెలిసింది, ఆ ఊర్లో పిల్లోళ్ళూ తడుస్తాండారు, ఈ ఊర్లో పిల్లోళ్ళూ తడుస్తాండారు.

వానలు ముదిరినాయి. ఆమె మీద నీడకు ఏదైనా వేయాల. మిట్ట మీద ఒక్క పోచ కోయరాదు. మరి యాడ నుంచి తెచ్చినారో తెలుసా? తమ కొట్టాల మీద నుంచి తెచ్చినారు. కారే కొట్టాలే. అయినా ప్రతి ఇంటి వాళ్ళూ కప్పులో నుంచి తలా ఒక పిడికెడు పీకి, కొంగులో వేసుకొని మిట్ట ఎక్కినారు. సగం ఎర్రబాడుది, సగం గుండ్లవంకది. ఆ బోదతో బండ మీద చిన్న కప్పు వేసినారు. కావలిబంట్లు కూడా గుంజలు పట్టుకున్నారు. వాళ్ళ కొట్టాలు కూడా కారతాండేవి గదా.

అప్పటి నుంచి పొద్దు పోయే తావు ఆ బండే అయింది. పెండ్లి మాటలు ఆడనే, పంచాయితీలు ఆడనే, పాటలు ఆడనే. చెవి తెగినాయన, చెవి కోసినాయన ఒకే కప్పు కింద కూర్చొని ఒకే పొగాకు నమిలినారు.

మొదటి నెల బోద మోకాలెత్తు లేచింది. మట్టి తల మీదనే ఉంది. రెండో నెల నడుమెత్తు లేచింది. మట్టి తల మీదనే ఉంది. మూడో నెల మనిషెత్తు లేచి పూత పట్టింది. మట్టి తల మీదనే ఉంది. బోద పెరిగే కొద్దీ పోలక్క తరిగిపోయింది. పిడికెడు మనిషి అయింది. మాట తగ్గింది, తిండి తగ్గింది. మెడ మాత్రం నిటారుగా ఉంది. అదెట్ల సాధ్యమో నన్నడగొద్దు. బతుకంతా మోసిన మెడ అది.

కార్తీకం వచ్చింది. రోజూ ఒక వెన్ను తెమ్మనేది. నలిపేది, ఊదేది. "గింజ రాలనీ" అనేది. ఆ మాట కూడా గుసగుసగా వచ్చేది.

ఒక దినం పట్టపగలు, ముసిల్దానికి ఊపిరి ఆడతాలేదని పాలెగాడికి కబురు పోయింది. గుర్రం మీద వచ్చినాడు. రెండు ఊర్లూ పరిగెత్తుకుంటా వచ్చినాయి. ఇసుక వేస్తే రాలనంత జనం.

పోలక్క వేలితో సైగ చేసింది. నల్లప్ప వెన్ను తుంచి తెచ్చినాడు. ఆమె అరచేతిలో నలిపింది. ఊదబోయింది. ఊపిరి చాల్లేదు. "మీరు ఊదండ్రా" అనింది. నల్లప్ప ఒక పక్క, సుంకన్న ఒక పక్క వంగి ఊదినారు. గింజలు గాలిలో లేచి బోదలో పడినాయి. అరచేయి ఖాళీగా ఉంది.

పోలక్క ముఖం పసిబిడ్డ ముఖం అయింది. "రాలింది నాయనా. రాలింది. ఇంక కోసుకోండి" అనింది.

జనం ఏడ్చినారు, ఈలలు వేసినారు, ఎవరికీ ఏం చేయాలో తెలీలేదు. పాలెగాడు గుర్రం దిగి ముందుకు వచ్చినాడు. "నీ పంతం నెగ్గింది పోలక్కా. ఇంక దించు. యాడ దించుతావో ఆడ ఎల్ల."

పోలక్క ఆయన దిక్కు చూసింది. "మళ్ళీ ఏడు రాలొద్దా దొరా?" అనింది.

అదే ఆఖరి మాట. కండ్లు అట్లనే నిలిచిపోయినాయి. మూడు నెలలు వంగని మెడ వంగింది. తట్ట ముందుకు ఒరిగింది. పాలెగాడి మనిషి "పడింది! పడింది!" అని ఎగిరి గంతేసినాడు.

పడలేదు. నల్లప్ప ఒక పక్క పట్టినాడు, సుంకన్న ఒక పక్క పట్టినాడు. ఇంత మట్టి ఆమె ఒడిలో రాలింది. ఒడి నేల కాదు గదా. సుంకన్న పెండ్లాం ఆ మట్టిని ఏరి, కండ్లకద్దుకొని, తట్టలో వేసింది. నల్లప్ప ఆమె తలకు తన తల ఆనించి, చుట్టకుదురుతో సహా తట్టను తన తల మీదకి జరుపుకున్నాడు. జరుపుకొని లేచి నిలబడినాడు. చెంపల మీద నీళ్ళు కారతాండాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"మట్టి తల మీదనే ఉంది దొరా" అన్నాడు.

"ఎవరి తల మీద?" అన్నాడు పాలెగాడు.

"ఎవరి తలో దండోరాలో చెప్పలేదు."

"ఎంతకాలం మోస్తావురా?"

జవాబు సుంకన్న చెప్పినాడు. "వాడలిసిపోతే నాకిస్తాడు సామీ. నేనలిసిపోతే వానికిస్తా. మా ఇద్దరికీ కాళ్ళు చాలకుంటే ఇంతమంది లేరా?"

పాలెగాడు జనాన్ని చూసినాడు. ఎర్రబాడు వాళ్ళెవరో, గుండ్లవంక వాళ్ళెవరో ఆయనకు తెలీలేదు. అంతా కలిసిపోయి నిలబడినారు. తర్వాత తన తలపాగా విప్పి, పోలక్క మీద కప్పి, గుర్రం ఎక్కకుండా నడుచుకుంటా మిట్ట దిగిపోయినాడు. చెడ్డోడే అనుకోండి, కానీ ఆ పొద్దు మాత్రం మనిషి అయినాడు.

పోలక్కను ఆ బండ పక్కనే మట్టి చేసినారు. ఆ ఏడు బోద దండిగా దిగింది. రెండు ఊర్లలో ఒక్క కొట్టం కారలేదు.

ఆ తట్ట ఇప్పటికీ నేల తగల్లేదు. వెదురు పుల్లలు విరిగితే తట్ట మారుస్తారు, మట్టి మారదు. ఒక ఏడు ఎర్రబాడులో, ఒక ఏడు గుండ్లవంకలో, ఉట్టి మీద వేలాడుతుంది; నేల తగలనంత కాలం దించనట్టే అని రెండు ఊర్లూ ఒప్పుకున్నాయి. కార్తీకంలో రెండు ఊర్లూ మిట్ట ఎక్కుతాయి. ఆ పొద్దు తట్ట మోసే తల ఎట్లాంటిదో తెలుసా? సెంటు నేల లేని తల. ఆస్తి ఉన్నోళ్ళకు ఇవ్వరు, ఎంత బతిమాలినా ఇవ్వరు. ఆ మనిషి వెన్ను నలిపితే ఈ ఊరోడు ఒకడు, ఆ ఊరోడు ఒకడు ఊదుతారు. గింజ ఎగిరితే "రాలింది!" అని అందరూ అరుస్తారు. మొదటి కట్ట దిక్కులేనోళ్ళ ఇంటికి. ఆ తర్వాతే ఎవరైనా. ఇప్పుడు అందరికీ మిద్దెలొచ్చినా, పశువుల కొట్టం మీదకైనా ఒక కట్ట తెచ్చుకోని ఇల్లు లేదు.

మిట్ట మీద కన్ను వేసినోళ్ళు రాలేదనుకుంటున్నారా? ఒకసారి గొలుసులు పట్టుకొని కొలిచేవాళ్ళు వచ్చినారు. ఒకసారి టోపీ పెట్టుకొని రాసుకునేవాళ్ళు వచ్చినారు. మొన్న మొన్న, నా కండ్లతో చూసినా, నల్లద్దాల కారులో ఒకాయన వచ్చి, కిటికీ దించి, గడ్డి మోసుకొస్తాండే మా రంగమ్మను అడిగినాడు. "ఏమ్మా, ఈ గుట్ట ఎవరిది?"

రంగమ్మ నిలబడింది. నెత్తిన కట్ట ఉంది, మెడ కదలలేదు.

"తీర్పు ఇంకా కాలేదు సారూ" అనింది. "పోలక్క ఇంకా మట్టి దించలేదు."

ఆయన అద్దం ఎత్తుకొని పోయినాడు.

ఇంతే నా కథ. నేను మోసినంత మోసినా, ఇంక మీ తలల మీద పెట్టినా. లేచి ఇండ్లకు పోండి.